యువ క్రీడాకారులు – గుండె కవాటాలు, గుండె లయ

అంతర కళాశాలల పోటీలకు జట్లను పంపే ముందు ప్రతి విద్యార్థి నుండి ఒక ఆరోగ్య ధ్రువపత్రాన్ని కోరడం కళాశాలలలో ఎప్పటినుండో ఉన్న ఆచారం. అరపేజీ కాగితం, అందులో ఎత్తు, బరువు, దృష్టి, "క్రీడలలో పాల్గొనుటకు యోగ్యుడు" అన్న వాక్యం, దిగువన వైద్యుని సంతకం, ముద్ర. ఆ కాగితం ఆటగాని గుండెను గురించి ఏమి చెబుతున్నదని విచారిస్తే, చాలా సందర్భాలలో ఏమీ చెప్పడం లేదనే ఒప్పుకోవలసి వస్తుంది. ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించకుండానే ఇచ్చిన పత్రాలను మేము చూసి ఉన్నాము. ఇందులో వైద్యులను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. పోటీ రేపనగా ఈ సాయంకాలం పదిహేనుమంది కుర్రవాళ్లను వరుసగా నిలబెట్టి సంతకాలు కోరే పద్ధతిలోనే ఆ లోపం ఇమిడి ఉన్నది.

ఆరోగ్యవంతుడని అందరూ అనుకొనే యువకుడు ఆటస్థలంలో ఉన్నట్టుండి కుప్పకూలి మరణించడం అరుదు. కాని జరిగినప్పుడు కారణం చాలా వరకు గుండెలోనే ఉంటుంది. ఆ కారణాలలో కొన్ని గుండె కవాటాలకు సంబంధించినవి, మరికొన్ని గుండె లయకు సంబంధించినవి. ఈ రెంటినీ ఒకే పరీక్ష పట్టుకోలేదన్న సంగతిని విద్యార్థి మిత్రులకూ, కళాశాల పాలకవర్గానికీ విశదం చేయడమే మా ముఖ్యోద్దేశం.

జంతుశాస్త్రం చదివినవారికి గుండె నిర్మాణం తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాము. గుండె పిడికిలంత కండరం. పైన రెండు కర్ణికలు, దిగువన రెండు జఠరికలు. కుడి కర్ణికా జఠరికల నడుమ త్రిపత్ర కవాటం, ఎడమ కర్ణికా జఠరికల నడుమ ద్విపత్ర కవాటం ఉన్నాయి. జఠరికల నుండి బయలుదేరే పుపుస ధమని, బృహద్ధమని మొదళ్లలో అర్ధచంద్రాకార కవాటాలు ఉన్నాయి. ద్విపత్ర కవాటాన్ని వైద్యులు మిట్రల్ కవాటమనీ, బృహద్ధమని కవాటాన్ని అయోర్టిక్ కవాటమనీ వ్యవహరిస్తారు. కవాటమంటే తలుపు. రక్తం ముందుకు పోవడానికి తెరుచుకొని, వెనుకకు రాకుండా మూసుకొనడమే వాటి పని. తలుపు సరిగా తెరుచుకోకపోవడం ఒక జబ్బు, సరిగా మూసుకోకపోవడం మరొక జబ్బు. ఆరోగ్యవంతుని గుండెలో ఈ తలుపులు మూసుకొనే చప్పుడే మనకు వినిపించే "లబ్ డబ్" ధ్వని. ఇరుకైన తలుపు గుండానో, మూతపడని తలుపు గుండానో రక్తం సుడులు తిరుగుతూ పోయినప్పుడు ఈ రెండు చప్పుళ్ల మధ్య బుసకొట్టినట్లు ఒక అదనపు ధ్వని పుడుతుంది. దానినే మర్మర ధ్వని అంటారు.

కుడి జఠరిక నుండి రక్తం ఊపిరితిత్తుల గుండా ప్రవహించి ఎడమ వైపునకు చేరుతుందని మొదట వివరించినవాడు పదమూడవ శతాబ్దంలో డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అన్ నఫీస్. గాలెను చెప్పినట్లు గుండె నడిమి గోడలో కంటికి కానరాని రంధ్రాలేవీ లేవని ఆయన వ్రాశాడు. రక్తప్రసరణను సంపూర్ణంగా నిరూపించిన విలియం హార్వే గ్రంథం వెలువడినది 1628లో. మన పాఠ్యపుస్తకాలలో హార్వే పేరు కనిపించినంతగా ఇబ్న్ అన్ నఫీస్ పేరు కనిపించదు. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన విద్యార్థులైనా దానిని గుర్తుంచుకొంటే బాగుండును.

గుండె తనంతట తానే కొట్టుకొంటుంది. కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపులో పుట్టిన విద్యుత్ ప్రేరణ కర్ణికలంతటా వ్యాపించి, నడుమనున్న మరొక కణుపు వద్ద లిప్తపాటు ఆగి, అక్కడి నుండి జఠరికలకు పోతుంది. ఈ ఆగడం వృథా కాదు. కర్ణికలు తమ రక్తాన్ని జఠరికలలో నింపడానికి ఆ వ్యవధి అవసరం. రోజుకు సుమారు లక్షసార్లు ఇది జరుగుతున్నది. ఈ విద్యుత్తును శరీరం మీద నుండి నమోదు చేసే సాధనాన్ని హాలండు దేశీయుడైన ఐంథోవెన్ ఇరవయ్యవ శతాబ్దారంభంలో రూపొందించాడు. దానికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది. నేడు చిన్న పట్టణాలలో కూడా తీస్తున్న ఇ.సి.జి. అదే.

వ్యాయామం చేసేవాని గుండె చేయనివాని గుండె వలె ఉండదు. విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపే గుండె, బాగా శిక్షణ పొందిన పరుగువీరునిలో 25 లీటర్లకు పైగా పంపగలుగుతుంది. ఆ శక్తి రావడానికి గదులు కొంత విశాలమవుతాయి, గోడలు కొంత మందమెక్కుతాయి, నాడి నెమ్మదిస్తుంది. మామూలు మనిషికి నిమిషానికి 60 నుండి 100 వరకు ఉండే నాడి అట్టివానిలో 40కి దిగినా అది జబ్బు కాదు. 1899లోనే స్వీడన్ వైద్యుడు హెన్షెన్, మంచు మీద జారుడు పందేలలో పాల్గొనేవారి ఛాతీని వేళ్లతో తట్టి చూసి, వారి గుండెలు పెద్దవిగా ఉన్నాయని కనుగొన్నాడు. ఇది మేలైన మార్పే. కాని దీని చాటున జబ్బు దాగగలదు. ఎడమ జఠరిక గోడ మందం మామూలుగా 12 మిల్లీమీటర్లను మించదు. 13 నుండి 15 వరకు ఉన్నప్పుడు అది శిక్షణ ఫలమా, జబ్బా అన్నది నిపుణులకు సైతం సందేహమే. అప్పుడు కొన్ని నెలల పాటు ఆట మాన్పించి మళ్లీ కొలుస్తారు. శిక్షణ వలన వచ్చిన మందమైతే తగ్గుతుంది, జబ్బు వలన వచ్చినదైతే తగ్గదు.

ఇక కవాటాల సంగతి. పాశ్చాత్య దేశాలలో వ్రాసిన క్రీడావైద్య గ్రంథాలలో కీళ్లవాత జ్వరానికి కొద్దిపాటి చోటే దొరుకుతుంది, అక్కడ అది చాలా అరుదైపోయింది గనుక. మన దేశంలో అట్లు కాదు. ఇరుకైన ఇళ్లలో, ఒకే గదిలో ఎందరో నిద్రించే కుటుంబాలలో ఐదు నుండి పదిహేనేళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతునొప్పి వస్తుంది. అందరికీ అది తగ్గిపోతుంది. కొందరికి మాత్రం రెండు మూడు వారాల తరువాత జ్వరంతో కీళ్లు వాచుతాయి. ఈ రోజు మోకాలు, రెండు రోజులకు చీలమండ, ఆపైన మోచేయి. ఎదిగే పిల్లల నొప్పులేలే అని పెద్దలు తైలం రాసి ఊరుకొంటారు. కీళ్లు నిజంగానే బాగుపడతాయి. కాని సూక్ష్మజీవి మీదికి శరీరం పంపిన రక్షక పదార్థాలు పొరపాటున తన గుండె కవాటాల మీదనే దాడి చేస్తాయి. జ్వరం మళ్లీ మళ్లీ వచ్చిన కొద్దీ మిట్రల్ కవాటపు రెక్కలు దళసరిగా మారి, అంచులు ఒకదానితో ఒకటి అతుక్కొని, 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లుండే ద్వారం ఒకటిన్నరకో, అంతకు తక్కువకో కుంచించుకొని పోతుంది.

చల్లని దేశాలలో ఈ ఇరుకుదనం మధ్యవయస్సులో బయటపడేది. మన దేశంలో ఇరవై ఏళ్లు నిండకుండానే తీవ్రమవుతున్నదని 1963లో మన వైద్యులు లాన్సెట్ పత్రికలో వ్రాశారు. వారిలో శ్రీకాకుళంలో జన్మించిన ఆచార్య వులిమిరి రామలింగస్వామి ఒకరు. ఇరవై ఏళ్ల లోపు అనగా కళాశాలలో చదువుకొనే వయస్సే గదా.

అట్టి యువకుడు నడిచినప్పుడు సుఖంగానే ఉండి, పరుగెత్తగానే ఆయాసపడడానికి కారణం చిన్న లెక్కతో తెలుస్తుంది. నాడి 75 ఉన్నప్పుడు ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో జఠరిక నిండడానికి దొరికేది సుమారు 0.5 సెకను, అనగా నిమిషం మొత్తానికి 37 సెకన్లకు పైగా. పరుగులో నాడి 150కి చేరినప్పుడు ఒక స్పందనకు 0.4 సెకను మాత్రమే. నిండడానికి మిగిలేది దాదాపు 0.2 సెకను. నిమిషానికి 30 సెకన్లే. పరుగెత్తే శరీరం మూడు రెట్లు రక్తం కోరుతుండగా తలుపు తెరిచి ఉండే కాలం తగ్గిపోయింది. కవాటం విశాలమైనదైతే రక్తం వేగంగా దూకి లోటును పూరిస్తుంది. ఇరుకైనదైతే రక్తం ఎడమ కర్ణికలో నిలిచి, వెనుకనున్న ఊపిరితిత్తులలో ఒత్తిడి పెరిగి, ఊపిరి ఆడదు. కర్ణిక సాగి సాగి చివరకు లయ తప్పి వణకడం కూడా కద్దు. కవాటం జబ్బు లయ జబ్బుకు దారి తీయడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ. "స్టామినా లేదు" అని శిక్షకుడు రెండు చుట్లు అదనంగా పరుగెత్తించే విద్యార్థులలో ఇటువంటివాడు ఒకడుండవచ్చును.

ఈ జబ్బుకు చికిత్స ఉన్నది, చౌకైన నివారణ కూడా ఉన్నది. కీళ్లవాత జ్వరం ఒకసారి వచ్చినవారికి మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూదిమందు ఇస్తూ ఉంటే జ్వరం తిరగబెట్టదు. కవాటం దెబ్బతిన్నవారు పదేళ్లకు తక్కువ కాకుండా, తరచు నలభయ్యో ఏడు వరకు దీనిని వేయించుకొంటారు. బాగానే ఉన్నాను గదా అని మధ్యలో మానివేయడమే మనవారిలో కనిపించే పెద్ద దోషం. ద్వారం బాగా ఇరుకైపోతే తొడ సిర గుండా చిన్న బెలూన్ పంపి అతుకులను విడదీయవచ్చును. ఈ విధానాన్ని జపాను వైద్యుడు ఇనోవే 1982లో ప్రారంభించాడు. కవాటం పూర్తిగా పాడైతే కృత్రిమ కవాటం అమర్చుతారు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారు చేసిన స్వదేశీ కవాటాన్ని 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. ఖర్చుకు వెరచి రోగాన్ని దాచుకోనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో కవాట శస్త్రచికిత్సలు చేరి ఉన్నాయి. లోహ కవాటం అమర్చుకొన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. దెబ్బ తగిలితే రక్తం ఆగదు గనుక కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి ఆటలు వారికి తగవు.

కవాట దోషాలన్నీ జ్వరం వలననే రావు. బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలుండవలసి ఉండగా నూటికి ఒకరిద్దరికి పుట్టుకతో రెండే ఉంటాయి. వీరిలో అనేకులు యౌవనంలో ఏ బాధా లేకుండా ఆడుకొంటారు. కొందరికి మాత్రం ద్వారం ఇరుకై, పరుగు నడుమ స్పృహ తప్పుతుంది. పరుగు ముగిసిన తరువాత నిలబడి ఉండగా కళ్లు తిరగడం వేరు, పరుగెత్తుతూ ఉండగానే పడిపోవడం వేరు. రెండవది ఎప్పుడూ గుండెను అనుమానించదగిన లక్షణం. మరి కొందరిలో బృహద్ధమని మొదలు ఉబ్బుతుంది. ఇదే ఉబ్బు మార్ఫాన్ అనే వంశపారంపర్య దోషంలో మరింత ప్రమాదకరం. ఆ దోషమున్నవారు అసాధారణంగా పొడవుగా, సన్నగా, సాలీడు కాళ్ల వంటి వేళ్లతో ఉంటారు. ఆ పొడవును చూసే వారిని వాలీబాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు ఎంచుకొంటారు! 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో రజత పతకం పొందిన అమెరికన్ వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపానులో ఆట నడుమనే మరణించింది. బృహద్ధమని చిట్లడమే కారణమని, మార్ఫాన్ దోషం ఉన్నదని తరువాత తేలింది. దాని వలననే ఆమె సోదరునికి పరీక్ష చేయగా అదే దోషం బయటపడి, సకాలంలో శస్త్రచికిత్స జరిగింది. మిట్రల్ కవాటపు రెక్క వెనుకకు ఉబికే మరొక దోషం నూటికి ఇద్దరు ముగ్గురిలో కనబడుతుంది; చాలామందికి దాని వలన హాని లేదు.

కవాట దోషం చాలా వరకు ముందుగా ఆయాసం రూపంలో హెచ్చరిక పంపుతుంది. లయ దోషం అట్లు కాదు, తరచు హెచ్చరిక లేకుండానే వస్తుంది. జఠరికల కండరపు పోగులన్నీ ఒక్కసారిగా ముడుచుకోవలసి ఉండగా, ఎక్కడికక్కడ వేర్వేరుగా వణకడం మొదలైతే, గుండె సంచిలో పురుగులు కదలినట్లు అల్లాడుతుందే గాని చుక్క రక్తం బయటికి పోదు. క్షణాలలో స్పృహ పోతుంది. మనుషుల ఆకస్మిక మరణాలకు ఈ వణకే కారణమై ఉంటుందని ఎబర్డీన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు మెక్‌విలియం 1889లో వ్రాశాడు. విచిత్రమేమనగా అదే సంవత్సరం మన హైదరాబాదులో, ఆరవ నిజాం ఇచ్చిన ధనంతో, క్లోరోఫాం వలన రోగులు హఠాత్తుగా మరణించడానికి కారణమేమిటో తేల్చడానికి రెండవ క్లోరోఫాం కమిషన్ కూర్చున్నది. వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో వందలకొలది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ముందు శ్వాస ఆగుతుంది, గుండె దోషం కాదు అని వారు తీర్మానించారు. 1911లో లెవీ అనే ఆంగ్ల పరిశోధకుడు, కొద్దిపాటి క్లోరోఫాం మత్తులో ఎడ్రినలిన్ ఉద్రేకం చేరితే జఠరికలు వణకి గుండె ఆగగలదని నిరూపించి ఆ తీర్మానాన్ని కొట్టివేశాడు. మా ప్రసంగానికి కావలసినది ఆ ఎడ్రినలిన్ మాటే. పందెంలో ఉన్న ఆటగాని రక్తంలో ఎడ్రినలిన్ ఉప్పొంగుతుంది. సహజమైన గుండె దానిని తట్టుకొంటుంది. లోపమున్న గుండె ఆ క్షణంలోనే లయ తప్పుతుంది.

ఏమిటా లోపాలు? గుండె కండరం కారణం లేకుండా మందమెక్కే వ్యాధి ఐదువందల మందిలో ఒకరికి ఉండగలదు. 2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో కొలంబియాతో ఆడుతూ మైదానం మధ్యలో కూలిన కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయె వయస్సు 28 ఏళ్లు. మరణానంతర పరీక్షలో ఈ వ్యాధియే కనబడింది. రెండవది, ఒక్కొక్క స్పందన తరువాత గుండె విద్యుత్తు తిరిగి సర్దుకొనడానికి ఎక్కువ కాలం తీసుకొనే దోషం; ఇ.సి.జి.లో క్యూ.టి. అనే వ్యవధి పొడుగై కనబడుతుంది. దీనిలో ఒక రకం వారికి ఈతలో, మరొక రకం వారికి గడియారపు అలారం వంటి ఆకస్మిక శబ్దంతో ప్రమాదం కలుగుతుంది. మూడవది పుట్టుకతో ఉండే అదనపు విద్యుత్ మార్గం. తీగ గొట్టం ద్వారా దానిని కాల్చివేస్తే శాశ్వతంగా నయమై మళ్లీ ఆడుకోవచ్చును. ఇవి గాక క్రికెట్ బంతి ఛాతీకి ఒకానొక క్షణంలో బలంగా తగిలి లయ తప్పించడమూ, వైరస్ జ్వరంలో గుండె కండరం వాచడమూ ఉన్నాయి. జ్వరం పూర్తిగా తగ్గనిదే మైదానంలోకి దిగరాదనడం అందుకే.

మేనరికాలు, దగ్గరి బంధువులలో పెళ్లిళ్లు మన తెలుగు కుటుంబాలలోనూ ముస్లిం కుటుంబాలలోనూ వాడుకలో ఉన్నవే. తల్లిదండ్రులిద్దరి నుండి లోపమున్న జన్యువు సంక్రమిస్తే పుట్టుచెవుడుతో పాటు పొడుగైన క్యూ.టి. కలిసి వచ్చే అరుదైన వ్యాధి ఒకటి ఉన్నదని 1957లో నార్వే వైద్యులు వర్ణించారు. బధిరులైన పిల్లలు భయపడినప్పుడో, ఆడుతున్నప్పుడో మూర్ఛపోతే ఇ.సి.జి. తీయించక తప్పదు. దక్షిణాసియా వాసులలో నూటికి నలుగురు గుండె కండరాన్ని బలహీనపరచగల ఒక జన్యు లోపాన్ని మోస్తున్నారని, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2009లో తెలిపింది. అయితే దాని ప్రభావం ఎక్కువగా నడివయస్సు దాటాక కనబడేది గనుక విద్యార్థులు భయపడనక్కరలేదు.

మరి అందరికీ పరీక్షలు జరిపితే? ఈ విషయంలో ప్రపంచం ఏకాభిప్రాయానికి రాలేదు. ఇటలీ 1982లో పోటీ క్రీడాకారులందరికీ ఏటేటా ఇ.సి.జి.తో కూడిన పరీక్షను తప్పనిసరి చేసింది. వెనెటో ప్రాంతంలో ఏటా లక్షమంది ఆటగాళ్లకు 3.6గా ఉన్న ఆకస్మిక గుండె మరణాలు 2003–2004 నాటికి 0.4కు తగ్గాయని పాదువా నిపుణులు 2006లో ప్రకటించారు. ఇజ్రాయెల్‌లో 1997 నుండి ఇటువంటి చట్టమే అమలైనా మరణాల సంఖ్యలో మార్పు రాలేదని 2011లో వెలువడిన పరిశోధన చెప్పింది. అమెరికా హృద్రోగ సంఘం మూకుమ్మడి ఇ.సి.జి.లను సిఫారసు చేయక, పద్నాలుగు అంశాలతో ప్రశ్నలు, శరీర పరీక్ష చాలునన్నది. ఇంగ్లండులో 1996–2016 నడుమ 11,168 మంది యువ ఫుట్‌బాల్ ఆటగాళ్లను ప్రశ్నలు, ఇ.సి.జి., ఎకో అన్నింటితో పరీక్షించారు. 42 మందిలో ప్రాణాపాయకరమైన గుండె జబ్బులు, మరి 225 మందిలో జన్మతః వచ్చిన లోపాలు, కవాట దోషాలు బయటపడ్డాయి. తరువాతి కాలంలో ఎనిమిదిమంది గుండె జబ్బుతో హఠాత్తుగా మరణించారు. వారిలో ఆరుగురికి తొలి పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు.

ఈ అంకెలను చూసి పరీక్ష వ్యర్థమనడం మాకు సమ్మతం కాదు. నలభై ఇద్దరి మాటేమిటి? పదహారేళ్లప్పుడు బాగున్న గుండె ఇరవైరెండేళ్లకు మారవచ్చును గనుక ఒకసారి చేసిన పరీక్ష జీవితమంతా చాలదని మాత్రమే దీని అర్థం. పైగా ఒక్కొక్క సాధనం ఒక్కొక్క దానినే చూస్తుంది. ఇ.సి.జి. గుండె విద్యుత్తును గీస్తుంది. కండరం మందమెక్కిన వారిలో నూటికి తొంభై మందికి పైగా గీత మారి ఉంటుంది. కాని ఒక మోస్తరు ఇరుకైన మిట్రల్ కవాటాన్ని, రెండు రెక్కల అయోర్టిక్ కవాటాన్ని ఇ.సి.జి. చూపకపోవచ్చును. వాటిని వినిపించేది స్టెతస్కోపు, కళ్లకు కట్టేది ఎకో. స్టెతస్కోపుకు పొడుగైన క్యూ.టి. వినబడదు. గుండెకు రక్తం తెచ్చే ధమని తప్పు చోట నుండి పుట్టి ఉంటే ఇ.సి.జి., స్టెతస్కోపు రెండూ మౌనం వహిస్తాయి. ఈ మూడింటికీ ముందు వేయవలసినవి ప్రశ్నలు, వాటికి రూపాయి ఖర్చు లేదు: ఆడుతూండగా ఎప్పుడైనా స్పృహ తప్పినదా? ఛాతీలో నొప్పి వచ్చినదా? తోటివారికన్నా ముందుగా ఆయాసం వస్తున్నదా? చిన్నతనంలో జ్వరంతో కీళ్లు వాచినవా? కుటుంబంలో యాభై ఏళ్ల లోపు ఎవరైనా హఠాత్తుగా, కారణం తెలియకుండా, లేదా ఈదుతూ మరణించారా?

ఈ ప్రశ్నలకు నిజమైన జవాబు రావడమే కష్టం. క్రీడాకోటాలో సీటు వచ్చిన కుర్రవాడు ఆట పోతే చదువు కూడా పోతుందని భయపడి, పడిపోయిన సంగతి దాస్తాడు. పెళ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆడపిల్లల తల్లిదండ్రులు దాస్తారు. రంజాను నెలలో మైదానంలో ఎవరైనా పడిపోతే రోజా వలన నీరసమని, మరొకప్పుడైతే ఎండదెబ్బ అని, దిష్టి అని సరిపెట్టుకొంటారు. ఉపవాసంలో నీరు తగ్గి కళ్లు తిరగడం నిజమే, కాని పరుగు నడుమ పడిపోయినవానిని వైద్యునికి చూపకుండా ఆ మాటతో తేల్చివేయడం సరికాదు. పాలకవర్గం వారికి మా విన్నపమేమనగా, గుండె లోపం బయటపడినంత మాత్రాన విద్యార్థికి సీటు గాని, ఉపకార వేతనం గాని, వసతిగృహం గాని పోదని లిఖితపూర్వకంగా ముందే ప్రకటించాలి. ఆ హామీ లేకుండా ఎన్ని ప్రశ్నలు అచ్చువేసినా వాటికి "లేదు" అన్న జవాబే వస్తుంది. అటుపైన, పోటీలకు నెల రోజుల ముందు, తీరిక దినాన, నిలబడి ఉన్నప్పుడు, పడుకొన్నప్పుడు రెండు సార్లూ గుండె చప్పుడు వినే వైద్యునిచే పరీక్ష చేయించి, ప్రతి ఆటగానికీ ఒక ఇ.సి.జి. తీయించాలి, సందేహమున్నవారిని మాత్రమే ఎకోకు పంపాలి. యువకులలో వినిపించే మర్మర ధ్వనులలో అధిక భాగం నిర్దోషమైనవే. అందుచేత ధ్వని వినిపించగానే ఆట మాన్పించడం కూడా అన్యాయమే. క్రీడాకారుని నెమ్మదైన నాడిని చూసి జబ్బని భ్రమపడకుండా 2017లో నిపుణులు ప్రకటించిన అంతర్జాతీయ సూత్రాలు ఉన్నాయి. ఇ.సి.జి.ని వాటి ప్రకారం చదవగల హృద్రోగ నిపుణునికి చూపాలి.

ఎన్ని పరీక్షలు జరిపినా కొందరు తప్పిపోతారని పైన చూశాము. డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పరీక్షలు తప్పనిసరి అయిన ఇటలీలోనే ఆడుతూ, 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో ఫిన్లాండుతో ఆట నడుమ గుండె ఆగి పడిపోయాడు. అతడు బతికినది మైదానంలో వెంటనే ఛాతీ నొక్కి, విద్యుత్ ఘాతం ఇచ్చినందువలన. గుండెలో రక్షక యంత్రం అమర్చుకొని 2022 ఫిబ్రవరిలో తిరిగి ఆటలోకి వచ్చాడు. మన దేశంలో 2004 డిసెంబరు 5న బెంగుళూరులో ఫెడరేషన్ కప్ తుదిపోటీలో గోలు చేస్తూ గోల్‌కీపరును ఢీకొని కూలిన బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ బతకలేదు.

ఆట స్థలంలో ఎవరూ తగలకుండానే పడిపోయి, పిలిస్తే పలకక, శ్వాస లేకుండా గాని, అప్పుడప్పుడు ఎగశ్వాసతో గాని ఉన్నవాని గుండె ఆగినదనే భావించాలి. మొదటి క్షణాలలో చేతులు కాళ్లు కొట్టుకోవడం కద్దు. దానిని చూసి మూర్ఛ అనుకొని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం మన ఊళ్లలో ఇంకా జరుగుతున్నది. ప్రతి నిమిషం ఆలస్యానికీ బతికే అవకాశం నూటికి ఏడు నుండి పది పాళ్లు తగ్గిపోతుంది. ఒకరు 108కి ఫోను చేయాలి. మరొకరు ఛాతీ మధ్యన రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సుమారు ఐదు సెంటీమీటర్ల లోతుకు అదుముతూ ఉండాలి. మూడవవాడు విద్యుత్ ఘాత యంత్రాన్ని తేవాలి. ఆ పెట్టె ఏమి చేయాలో తానే పలికి చెబుతుంది, లయ తప్పనివానికి ఘాతం ఇవ్వదు గనుక వైద్యుడే కానక్కరలేదు. కళాశాల ఒకదానిని కొన్నప్పుడు దానిని కార్యాలయపు బీరువాలో తాళం వేసి దాచకూడదు. ఆటస్థలం నుండి పరుగున వెళ్లి మూడు నిమిషాలలో తేగల చోట, తాళం లేకుండా ఉంచాలి. బ్యాటరీకి, అతికించే పట్టీలకు గడువు తేదీలుంటాయి. వ్యాయామోపాధ్యాయుడు వాటిని ఆరు నెలలకొకసారి చూసి ఒక పుస్తకంలో నమోదు చేస్తూ ఉండాలి.